ఆరు వందల నలభై అడుగులు

పొందూరులో మా గుమ్మం నుంచి దారం వడికే అవ్వ ఇంటికి నా అడుగులతో ఆరు వందల నలభై. డెన్మార్క్ నుంచి చదువుకోవడానికి వచ్చి, మా ఇంట్లో ఉన్న అమ్మాయి అడుగులతో అయిదు వందల తొంభై. ఆ పిల్ల నాకన్నా పొడగరి. ఈ రెండో అంకె నాకెలా తెలిసిందో చెబితే, ఆమె మా ఇంట్లో ఎలా బతికిందో సగం చెప్పినట్టే.

మా ఇంట్లో బయటికి వెళ్లేవాళ్లను ‘ఎక్కడికి’ అని అడగకూడదు. అడిగితే వెళ్లిన పని కాదని మా అమ్మ నమ్మకం. ఎవరైనా నోరుజారి అడిగితే, వెళ్లేవాళ్లు వెనక్కి వచ్చి, కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరాలి. అయినా తెలుసుకోకుండా ఉండలేం కదా, అందుకని ‘దూరమా?’ అంటాం. ‘దూరమే’ అనో ‘దగ్గరే’ అనో జవాబొస్తుంది. అంతకుమించి ఎవరూ చెప్పరు.

వచ్చిన వారంలోనే ఆ అమ్మాయి చెప్పులు వేసుకుంటుంటే మా అమ్మ అరుగు మీద నుంచి అడిగింది.

“దూరమా అమ్మా?”

అమ్మాయి ఆలోచించింది. సాయంత్రం చెబుతానని సైగ చేసి వెళ్లింది. సాయంత్రం వచ్చి, అప్పటికి నేర్చుకున్న కొద్దిపాటి తెలుగులో, “అయిదు వందల తొంభై, మామ్మా” అంది. దారి పొడుగునా అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్లిందట. మా అమ్మ పళ్లు లేని నోటితో నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. ఆ రోజు నుంచి ఆ పిల్ల గుమ్మం దిగేటప్పుడల్లా వెళ్లబోయే చోటికి ఎన్ని అడుగులో చెప్పి వెళ్లేది. అమ్మకు అదొక వేడుక. నేను మాత్రం నవ్వలేదు. ఆ అంకెను మనసులో రాసుకున్నాను.

నేను ఏడో తరగతితో బడి మానేశాను. కిరాణా కొట్లో కూర్చుని, పొట్లాల కాగితాల వెనక వేసి వేసి నేర్చుకున్న లెక్కలు నావి. నలభై వరకు ఎక్కాలు వచ్చు. గోడకు ఎన్ని ఇటుకలు పడతాయో, ధాన్యం కుప్పలో ఎన్ని బస్తాలుంటాయో అడగడానికి ఇప్పటికీ జనం వస్తారు. ఊరంతా అడుగులతో కొలిచి పెట్టుకున్నాను. పోస్టాఫీసు నాలుగు వందల పది. బ్యాంకు ఏడు వందల పాతిక. బస్సు ఆగే చోటు తొమ్మిది వందల ఎనభై. నా అరవై నాలుగడుగులు ఆమెకు యాభై తొమ్మిది. ఆ పాళ్లలో పోస్టాఫీసు ఆమెకు మూడు వందల డెబ్బై ఎనిమిది. కనుక ఆమె పొద్దున ‘మూడు వందల డెబ్బై ఎనిమిది’ అంటే, రాత్రి భోజనాల దగ్గర, “పోస్టాఫీసులో జనం ఉన్నారా?” అని అడిగేవాణ్ణి. మొదట్లో ఆమె తెల్లబోయి నవ్వేది.

ఆమె చదివే కాలేజీలో బట్టల నేత ఒక చదువు. పొందూరు సన్నదారం వడకడం నేర్చుకోవాలని ఆరు నెలలకు వచ్చింది. తిరిగి వెళ్లేటప్పుడు తన చేత్తో వడికిన, వంద కౌంటు సన్నదనం ఉన్న దారం ఒక చిలప పట్టుకెళ్లాలి. చిలప అంటే వెయ్యి మీటర్ల చుట్ట. వంద కౌంటులో వెయ్యి మీటర్లు తూస్తే పది గ్రాములు. పొట్లం కట్టడానికి కూడా మొహమాటపడే తూకం. ఆ పది గ్రాములు లేకపోతే ఆరు నెలల చదువూ లెక్కలోకి రాదనీ, ఏడాదంతా మళ్లీ చదవాలనీ ఆమె వచ్చిన రోజునే చెప్పింది.

వడికేవాళ్లతో పని చేయించే పెద్దమనిషి ఒకాయన వచ్చి మా మేడ మీది గది అడిగితే ఇచ్చాను. పోలీస్ స్టేషన్‌లో కాగితం మీద సంతకం పెట్టాను. ఈ విద్యార్థిని ఫలానా ఇంట్లో ఉంటుంది అని రాసి ఉంది. కింద నా పేరు. ఆ సంతకం పెట్టిన దగ్గర్నుంచి నేనొక రాత్రి కూడా బయట పడుకోలేదు. కొత్తవలసలో మా చెల్లెలి గృహప్రవేశానికి వెళ్లి, విస్తళ్లు వేసే వేళకి స్టేషన్‌లో బండి కోసం నిలబడ్డాను. మా ఆవిడ ఆ మాట ఇప్పటికీ ఎత్తుతుంది.

ఆ పిల్లకు రోజు ఎలా గడవాలో నేనే కాగితం మీద రాసి ఆమె గది తలుపుకు అంటించాను. ఆరున్నరకు గేటు తాళం తీస్తాను. ఏడుకు స్నానం, ఏడుంబావుకు ఫలహారం. ఫలహారం తినకుండా మా ఆవిడ గడప దాటనివ్వదు. ఏడు ముప్పావుకు బయల్దేరవచ్చు. దీపాలు పెట్టే వేళకు ఇంట్లో ఉండాలి. గేటు తాళంచెవి నా మొలతాడుకు ఉండేది. ఎవరికీ అన్యాయం చేస్తున్నానని నాకు అనిపించలేదు. ఊరు కాని ఊరు, దేశం కాని దేశం. పిల్లకి చిన్న జ్వరం వచ్చినా ముందు అడిగేది నన్ను.

దారం సంగతి వేరేగా ఉంది. అది చెమ్మకే లొంగుతుంది. వడికే అవ్వ తెల్లవారుజామున లేచి, ఎండ ముదరక ముందే రోజు పనిలో ముప్పాతిక ముగించేది.

“ఎండెక్కితే దారం అలుగుతాదమ్మా. ఎంత బతిమాలినా పలకదు. నువ్వేమో సుట్టంలాగ తిని తొంగుని ఎనిమిదింటికొస్తావు” అనేదట పిల్లతో.

ఆ పిల్ల వెళ్లేసరికి అవ్వ ఇంటి వసారాలోకి ఎండ వచ్చేసేది. మీటరు తీసేలోగా రెండుసార్లు తెగేది. లావుగా వచ్చిన దారాన్ని అవ్వ ఒప్పుకునేది కాదు, తెంపి అవతల పారేసేది.

పోనీ ఇంట్లోనే పొద్దున్నే పని చేసుకుంటుందా అంటే, దానికి మా అమ్మ అడ్డం. పొందూరులో వడికే ముందు పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడకుండే సన్నటి పళ్ల వరసలో పత్తి నలకలన్నీ ఊడి, పోగులు వెంట్రుకల్లా సాగుతాయి. మూడో నెలలో అవ్వ ఒక దవడ ఇస్తే, ఆ అమ్మాయి బహుమతిలా అరచేతిలో పెట్టుకుని తెచ్చింది. మాది నీచు తినని ఇల్లు. మా అమ్మ గుమ్మంలో చెయ్యి అడ్డం పెట్టింది.

“ఇది సేపే కదా. ఎండిపోతే మాత్రం సేప కాకుండా పోద్దా? గడప దాటడానికి లేదు.”

వీధి వైపు ప్రహరీలో ఒక గూడు ఉంది. దవడ అక్కడ పెట్టుకుంది. గేటు తీస్తే తప్ప అది చేతికందదు. గేటు తాళం నా దగ్గర. ఇలా పనిముట్టు గోడకు అవతల, పిల్ల గోడకు ఇవతల. పొద్దు పొడవక ముందు ఆమె మేడ మీద పిట్టగోడ దగ్గర నిలబడి వీధిలోకి చూస్తూ ఉండేది. కింద నుంచి చూసి, నిద్ర పట్టడం లేదేమో అనుకునేవాణ్ణి.

నాలుగో నెలలో ఒక రోజు, “దూరమా?” అంటే, “వెయ్యిన్ని మూడు వందల పన్నెండు” అంది. ఆ అంకెకు నా దగ్గర చోటు లేదు. కొట్లో కూర్చుని ఆ రోజంతా దాన్నే తిప్పాను. రైల్వే స్టేషన్ కాదు. సంత కాదు. గుళ్లేవీ అంత దూరంలో లేవు. కందిపప్పు అడిగినావిడకి శనగపప్పు తూచి ఇచ్చాను. సాయంత్రం ఉండబట్టలేక, అడగకూడనిది అడిగేశాను.

“ఎక్కడికీ కాదు బాబాయ్” అంది. అప్పటికి ఆమెకు మా మాట బాగానే వచ్చింది. “గేటు నించి మలుపు వరకు ఎనభై రెండు. అటూ ఇటూ కలిపి పదహారుసార్లు తిరిగినాను. మీకు తెలీని అంకె ఒకటి కావాల నాకు.”

మా ఆవిడ గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది. “ఇన్నారా?” అంది నాతో. నేను మజ్జిగ కలుపుకున్నాను. ఆ తర్వాత భోజనాల దగ్గర ఆ అమ్మాయి వెళ్లొచ్చిన చోట్ల గురించి మాట్లాడటం మానేశాను. లెక్క కట్టడం మాత్రం మానలేకపోయాను.

ఇంకా నలభై రోజులున్నాయనగా ఆమె నా కొట్టుకు వచ్చింది. మిగిలిన రోజులు అవ్వ ఇంట్లో ఉంటానని అడిగింది. అప్పటికి అవ్వ ఒప్పుకున్న దారం నాలుగు వందల మీటర్లు. రోజుకు అయిదు మీటర్లు వస్తోంది. ఆమె అడక్కుండానే నేను పొట్లం కాగితం మీద వేశాను. నలభై రోజులకు రెండు వందలు. మొత్తం ఆరు వందలు. వెయ్యి కావాలంటే రోజుకు పదిహేను రావాలి. తెల్లవారుజామున వడికితే పదిహేను వస్తుందని అవ్వ చెప్పిందంది. లెక్క సరిపోయింది.

“కుదరదమ్మా. కాగితం మా ఇంటి పేరునుంది” అన్నాను.

ఆమె ఆ పొట్లం కాగితాన్ని మడిచి తీసుకెళ్లింది. తర్వాత పదకొండు రోజులు, పొద్దున్నే అమ్మ అడగడం, ‘అయిదు వందల తొంభై’ అని ఆమె చెప్పడం, అంతే. తినేది, పళ్లెం కడిగేది, మేడ ఎక్కేది. గేటు తాళం తీయడానికి వంగినప్పుడల్లా మొలతాడు నా నడుముకే బిగిసినట్టుండేది. ఆమెకు నేను కాపలా. ఆ కాగితానికీ నేనే కాపలా. ఆ ఇంట్లోంచి బయటపడే దారి నాకూ కనిపించలేదు.

పదకొండో రోజు సాయంత్రం అవ్వ మా ఇంటికి వచ్చింది. అరుగెక్కలేదు, మెట్టు మీదే కూర్చుంది.

“ఏటి బాబూ, పిల్లని గాదిలో గింజల్లాగ దాసేసినావు? ఎవులెత్తుకుపోతారని?”

“నాకేం సరదానా? పోలీసులకి జవాబు చెప్పాల్సింది నేను.”

“పోలీసులొచ్చి మా ఇంట్లో సూసుకోమను. రాట్నం తప్ప దొంగిలించడానికేటీ నేదు.”

మా అమ్మ అందుకుంది. “ఒరే, సేప ఎముకని నాను గోడ మీదెట్టించినాను. పిల్లని గోడ మీదెట్టమని సెప్పినానా?”

మా ఆవిడ లేచింది. లోపలికి వెళ్లి, బీరువాలోంచి ఆ కాగితం తెచ్చి నా ఒళ్లో వేసింది.

“అందులో ఏటి రాసున్నాదో సదవండి. అందరం ఇంటాం.”

అమ్మాయి మెట్ల మీద సగానికి దిగి ఆగింది. నేను కళ్లజోడు పెట్టుకున్నాను. కింది నుంచి మూడో వరుస. విద్యార్థి బస మారితే, మారిన చిరునామా స్టేషన్‌లో తెలియజేయవలెను. అంతే. మారకూడదని ఎక్కడా లేదు. ఇంగ్లీషులో ఉన్నది చదివి, నాకు వచ్చినట్టు తెలుగులో చెప్పాను.

మా ఆవిడ కాగితంలోకి వంగి చూసి అడిగింది. “మీకిది ఎప్పట్నుంచి తెలుసు?”

తెలియదని చెప్పవచ్చు. ఏడో తరగతి వాణ్ణి, ఇంగ్లీషు కాగితం, ఎవరూ తప్పు పట్టరు. కాని సంతకం పెట్టిన రెండో నెలలోనే నేను డిక్షనరీ పక్కన పెట్టుకుని ఆ కాగితమంతా చదివాను. ఆ వరుస కింద పెన్సిల్ గీత కూడా నాదే. అది ఆవిడకు కనిపిస్తూనే ఉంది.

“రెండో నెల నుంచి” అన్నాను.

ఎందుకు చెప్పలేదని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే, భయం వేసిందని చెప్పేవాణ్ణి. అది నిజమే. ఒక మనిషి ఏ క్షణంలో ఎక్కడుందో అడుగుల్లో తెలియడం నాకు ఇష్టమైపోయింది. అదీ నిజమే. రెండోది చెప్పడానికి నోరు వచ్చేది కాదు.

మర్నాడు స్టేషన్‌కు వెళ్లి మారిన చిరునామా రాసి ఇచ్చాను. పావుగంట పట్టింది. ఆమె పెట్టె నేనే మోశాను. గేటు దాటాక ఆమె ఆగి, గూట్లోంచి దవడ తీసుకుని పైటకొంగులా వేసుకున్న తువ్వాలులో చుట్టుకుంది.

తర్వాత ఇరవై తొమ్మిది రోజులూ నేను పొద్దున్నే నా అడుగులతో ఆరు వందల నలభై నడిచి, అవ్వ ఇంటి ఎదుటి వైపు నిలబడేవాణ్ణి. లోపల రెండు రాట్నాలు తిరిగేవి. అవ్వది ఒకే తీరుగా మోగేది, రెండోది ఆగి ఆగి మోగేది. రోజులు గడిచేకొద్దీ ఆగడం తగ్గింది. నేను లోపలికి వెళ్లలేదు, ఎవరూ రమ్మనలేదు.

ప్రయాణం ముందు రోజు కబురు చేశారు. దారం చుట్టే చట్రం మీద ఒక చుట్టు ఒక మీటరు. అవ్వ తిప్పింది, నేను లెక్కపెట్టాను. అందుకే పిలిచారు. ఎనిమిది వందల తొంభై దగ్గర దారం అయిపోయింది. చట్రం ఖాళీగా ఇంకో అర చుట్టు తిరిగి ఆగింది.

“ఇంకెంత గావాల బాబూ?”

“నూటపది.”

“నాది కలిపేద్దునా? ఎవులికి తెలుస్తాది?”

“వద్దు అవ్వా” అంది అమ్మాయి. “నాకు తెలుస్తాది.”

అప్పుడామె పుస్తకంలోంచి నా పొట్లం కాగితం తీసింది. దాని వెనక తను వేసుకున్న లెక్క చూపించింది. పదిహేనులోంచి అయిదు తీసేస్తే పది. పదకొండు రోజులకు పదకొండు పదులు నూటపది. కోపంగా చెప్పలేదు. నేను కొట్లో చూపించినట్టే, వేలితో ఒక్కొక్క వరుసా చూపించింది. తప్పేమైనా ఉందా అన్నట్టు నా వైపు చూసింది. ఒకటికి రెండుసార్లు చూశాను. తప్పు లేదు.

మర్నాడు పెట్టెతో మా ఇంటికి వచ్చి, మా అమ్మ కాళ్లకు దండం పెట్టింది. మా ఆవిడ అరిసెలు కట్టి ఇచ్చింది. చిలప ఎండిన అరటి డొప్పలో భద్రంగా ఉంది. తక్కువ పడిన దారాన్ని అక్కడ ఒప్పుకుంటారో లేదో ఆమెకే తెలియదు. ఆటో వచ్చింది. అమ్మ అలవాటు కొద్దీ అడిగింది.

“దూరమా అమ్మా?”

ఆ పిల్ల చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటూ, మాలో ఒకరు చెప్పినట్టు చెప్పింది.

“దూరమే మామ్మా.”

అంకె చెప్పలేదు. నేను గేటు తీసి పట్టుకున్నాను.