ఎత్తిపెట్టే చేతులు

మాది సిద్ధగోరా, హిందీ మాట్లాడే రాష్ట్రంలో ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్ళో ఒక పేట. నేను బడిలో ఎక్కువ చదవలేదు. అమ్మకు కుష్ఠు వచ్చిందని తెలిసి బడివాళ్ళు నా పేరు తీసేస్తే, అమ్మే ఇంట్లో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది. మందులు మింగి ఆమెకు జబ్బు పూర్తిగా నయమైంది. ఎడమచేతి వేళ్ళు రెండు మాత్రం వంగి ఉండిపోయాయి. ప్రాణం మిగిల్చినందుకు అమ్మవారికి ఇప్పటికీ రోజూ దణ్ణం పెట్టుకుంటాను.

శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళు కట్టుకున్న గుడి ఒకటుంది మా దగ్గర. పండగనాడు ఆడవాళ్ళు నీళ్ళు నింపి, వేపమండలు కట్టి, పైన దీపం పెట్టిన ఘటాలు నెత్తిన మోస్తూ వీధులు తిరుగుతారు. కమిటీ నియమాలు రాసుకున్నప్పుడు ఎవరో, ఎన్నికల్లో నిలబడేవాళ్ళ గురించి మునిసిపాలిటీ చట్టంలో ఉన్న మాటే ఘటం మోసేవాళ్ళకీ దించేశారు: కుష్ఠు వచ్చినవాళ్ళు అనర్హులు. జబ్బు పోయినా ఆ మాట పోలేదు. పెళ్ళయ్యాక అత్తవారి తరఫున నాకు ఘటం దొరికింది. అమ్మ రోడ్డవతల నిలబడి చూసేది.

కిందటేడు మా ఆయన గమ్హరియాలో ఫ్యాక్టరీ డ్యూటీకి బయల్దేరుతూ, పనికిరాని పాత చట్టాల్లోంచి రాష్ట్రం ఆ మాట తీసేసిందని హిందీ పేపర్లో చదివి చెప్పారు. పేపరు పట్టుకుని, అమ్మను వెంటబెట్టుకుని కమిటీ పెద్దాయన దగ్గరికి వెళ్ళాను.

“గవర్మెంటు తీసింది, బాగుంది. అమ్మోరు తీసిందేటమ్మా?” అన్నాడాయన.

పక్కనున్న సెక్రటరీ నవ్వాడు. “ఏటి పిన్నీ, ఎలక్షన్‌కి గానీ నిలబడతావేటి?”

“నేదు బాబూ. సచ్చిపోయేలోగా ఒక్క యేడు ఘటం మోత్తాను,” అంది అమ్మ.

“పోనీ, కొట్టెయ్,” అన్నాడు పెద్దాయన. సెక్రటరీ మా కళ్ళముందే ఆ వాక్యం మీద గీత గీశాడు. ఇద్దరికీ చేతులెత్తి మొక్కాను.

పండగనాడు అమ్మ ఉపవాసం ఉండి, పసుపు చీర కట్టుకుని తన ఘటం ముందు కూర్చుంది. ఘటాన్ని ఎవరంతట వాళ్ళు ఎత్తుకోకూడదు. ఇద్దరు ఆడవాళ్ళు ఎత్తి నెత్తిన పెట్టాలి. ముందు నాకు పెట్టారు. అమ్మ వంతు వచ్చేసరికి ఆ ఇద్దరూ ఆమెను దాటిపోయి తర్వాతి ఘటం ఎత్తారు.

“పెదనాన్నా, మా అమ్మకి ఎత్తమని చెప్పండి,” అన్నాను కమిటీ పెద్దాయనతో.

“మీ యమ్మనెవులాపారు? ఆపకూడదన్నారు గానీ ఎత్తాలని ఏ సట్టంలో ఉందమ్మా?”

ఎత్తాల్సిన ఇద్దరిలో ఒకామె అంది, “రెండు వేళ్ళేగా వంకర. మిగతా ఎనిమిదీ ఉన్నాయి, ఎత్తుకోమనండి.” వరసంతా నవ్వింది.

నెత్తికెక్కిన ఘటం ఊరేగింపు అయ్యేదాకా దింపకూడదు. దింపితే ఇంటికి అరిష్టమంటారు. దింపితే అమ్మ ఘటానికి ఓ పక్క పట్టడానికి నా రెండు చేతులు ఖాళీ అయ్యేవి. నాకు నా పిల్లలు గుర్తొచ్చారు. డప్పులు మొదలయ్యాయి.

“నడవ్వే. దింపకు,” అంది అమ్మ.

నడిచాను.

తిరిగొచ్చేసరికి అమ్మ అక్కడే కూర్చుని దీపంలో నూనె పోస్తోంది. వచ్చే యేటికీ పేరు రాసుకోమంటావా అని సెక్రటరీ ఆమెను అడుగుతున్నాడు. నా ఘటం దింపించుకున్నాక అమ్మ నా మెడ నిమిరింది.

“బరువుంటాదేటే?”

“ఉంటాదమ్మా,” అన్నాను.