కృపావతి నడిపిన అద్దె బండి

మా పిన్ని కృపావతి గుడివాడలో ఒక డాక్టరు గారి ల్యాబ్‌లో ఇరవై ఆరేళ్లుగా రక్తం తీస్తోంది. నరం దొరకని ముసలివాళ్లను, సూది చూస్తేనే ఏడ్చే పిల్లలను ఆమె దగ్గరికే పంపుతారు. మాట తక్కువ, చెయ్యి నెమ్మది. ఆమెకు మోటారు సైకిలు నడపడం వచ్చని మా ఇళ్లలో అందరికీ తెలుసు. నడపగా చూసినవాళ్లు మాత్రం ఎవరూ మిగల్లేదు.

నేర్పింది ఆమె నాన్న నతానియేలు గారు. ముదినేపల్లి దగ్గర ఒక చిన్న సంఘానికి పాస్టరు. చుట్టుపక్కల ఊళ్లలో సాయంకాలం ప్రార్థనలకు వెళ్లాలి, పొద్దు వాలితే ఆయనకు చూపు ఆనేది కాదు. సంఘంలో ఎవరో ఇచ్చిన పాత బండి మీద పదిహేడేళ్ల కూతురికి నేర్పి, తాను వెనక కూర్చునేవారు. చేపల చెరువుల మధ్య, కాలవ గట్ల మీద ఆమె ఆయనను ఊరూరా తిప్పింది. పద్దెనిమిది నిండగానే బందరు తీసుకెళ్లి లైసెన్సు కూడా ఇప్పించారాయన. మరో మూడేళ్లకు పెళ్లయింది.

పెళ్లికొడుకు శ్యాంబాబు ఆర్టీసీ డ్రైవరు. ఆమెను బండి నడపొద్దని ఎవరూ అనలేదు. ఇంట్లో బండి లేదు, అంతే. తర్వాత కొన్నాక దాన్ని నడిపేది బాబాయే. ముప్ఫై ఏళ్లు బస్సు తోలిన మనిషి ఇంకొకరి వెనక కూర్చుంటాడని ఎవరికీ తోచలేదు, ఆమెకు కూడా. కానీ లైసెన్సు గడువు తీరిన ప్రతిసారీ ఆఫీసుకు వెళ్లి రెన్యువల్ చేయించుకుని వచ్చేది.

కిందటి డిసెంబరులో క్రిస్మస్ అయిన మర్నాటి నుంచి డాక్టరు గారు మూడు రోజులు ల్యాబ్ మూశారు. బాబాయి అప్పటికి ఆరు నెలలుగా రిటైరై ఇంట్లోనే ఉన్నాడు. దివిసీమ చూసి వద్దామంది పిన్ని. బాబాయికి నవ్వొచ్చింది. గుడివాడ నుంచి అవనిగడ్డ బస్సు పదకొండేళ్లు తోలాను, నాకు తెలియని దివిసీమ ఏముందన్నాడు.

“మీరు బస్టాండ్లు చూశారండీ” అంది పిన్ని.

ఇంట్లో బండి కూతురు సుమలత ఉద్యోగానికి తీసుకెళ్తుంది. అందుకని వీళ్లు బస్సులో అవనిగడ్డ వెళ్లి, మెకానిక్కు బెన్నీ దగ్గర బండి అద్దెకు తీసుకున్నారు. హంసలదీవి చూడటానికి వచ్చేవాళ్ల కోసం అతను రెండు మూడు పాత బళ్లు ఉంచుతాడు. బాబాయిని మావయ్య గారూ అని పిలుస్తూ, వెనక బ్రేకు కాస్త ముందుగానే నొక్కమని చెప్పి తాళం ఇచ్చాడు.

మొదటి రోజంతా బాబాయే నడిపాడు, అదీ బస్సు నడిపినట్టే. ఎండ చలికాలపు ఎండ, వీపు మీద దుప్పటి కప్పినంత హాయిగా ఉంది. కోసిన పొలాల్లో కుప్పలు వేస్తున్నారు. తీగ మీద లకుముకి పిట్ట కనబడితే పిన్ని భుజం తట్టేది. ఆయన ఆపేలోగా పిట్టా పోయేది, తీగా పోయేది. హంసలదీవి దాటి, కృష్ణ సముద్రంలో కలిసే చోట దిగి రెండు నిమిషాలు నిలబడి, చూశాం కదా వెళ్దామా అన్నాడు. పిన్ని ఇసకలో కూర్చుంది. గంటసేపు లేవలేదు. ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిరిగి, చివరికి పక్కన కూలబడ్డాడు. ఆ సాయంత్రం నాగాయలంకలో, పిన్నికి ఎప్పటినుంచో తెలిసిన ప్రేమమ్మ గారింట్లో దిగారు.

రెండో రోజు ఎదురుమొండి. అది నది పాయల మధ్య దీవి. ఏటిమొగ దగ్గర మనుషుల్నీ బళ్లనీ కలిపి దాటించే పెద్ద పడవ ఉంటుంది, పంటు అంటారు. అవతలి ఒడ్డున దిగేటప్పుడు తడి చెక్క మీద బాబాయి కాలు జారింది. బండి ఒక పక్కకు, ఆయన ఒక పక్కకు పడ్డారు. బండికి ఏం కాలేదు. ఆయన ఎడమ మణికట్టు మాత్రం చూస్తుండగానే వాచింది.

పంటులోనే ఉన్న ఒకావిడ సంచీలోంచి కట్టు గుడ్డ తీసింది. పేరు సూర్యకుమారి, ఆ దీవిలో ఆశా వర్కరు. ఇద్దరు ఆడవాళ్లూ కలిసి ఆయన వేళ్లు కదిలించి చూసి, విరగలేదని తేల్చుకుని కట్టు కట్టారు. ఆ చేత్తో క్లచ్ పట్టడం కుదరదని ఆయనకు వెంటనే తెలిసింది. వచ్చిన పంటులోనే వెనక్కి వెళ్లిపోదాం, అటువైపు బండి నడపడానికి ఎవరినైనా పిలుస్తానన్నాడు.

“నేను నడుపుతానండి” అంది పిన్ని.

ఆయన ఆమె వంక, బండి వంక చూశాడు. కాదనలేదు, ఎక్కనూ లేదు. ఒడ్డున టీ కొట్టు బల్ల మీద కూర్చుని, ముందు నువ్వొక రౌండు వేసి రా అన్నాడు. సూర్యకుమారి మూడు కిలోమీటర్ల అవతల ఒక బాలింతను చూడటానికి నడిచి వెళ్లాలి. పిన్ని ఆవిడను ఎక్కమంది.

బండి మొదటిసారి ముందుకు ఉరికి ఆగిపోయింది. రెండోసారీ అంతే. టీ కొట్టు దగ్గర జనం చూస్తున్నారు. తన చెవులు వేడెక్కిపోయాయని పిన్ని తర్వాత చెప్పింది. మూడోసారి కళ్లు మూసుకుని ఎడమ చెయ్యి ఒక్కటే గుర్తు చేసుకుంది. వేళ్లు నెమ్మదిగా వదిలింది. బండి కదిలింది. వంద గజాల్లో రెండో గేరు పడింది, మలుపు దాటాక మూడోది. ముప్ఫై ఏళ్ల కిందట మానేసిన పని ఒంట్లో ఎక్కడ దాక్కుందో ఆమెకే తెలియదు.

అరగంటలో తిరిగొచ్చి బాబాయిని ఎక్కించుకుంది. కాసేపు ఆయన ప్రతి గుంతకూ లేని బ్రేకును కాలితో నొక్కుతూనే ఉన్నాడు. తర్వాత నొక్కడం మానేశాడు. రెండు వైపులా మడ చెట్లు, మధ్యలో సన్నని రోడ్డు, పరదాల మీద ఎండుతున్న చేపల వాసన. ఒకచోట ఆయనే ఆపమన్నాడు. నీరు తీసిన మడుగులో వందల తెల్ల కొంగలు వాలి ఉన్నాయి. బాబాయి దిగి, కట్టు కట్టిన చెయ్యి గుండెకు ఆనించుకుని చాలాసేపు చూశాడు. బస్సు తోలేటప్పుడు కళ్లు రోడ్డు మీద నుంచి తీయకూడదు కృపా, ముప్ఫై ఏళ్లూ తీయలేదు అన్నాడు. ఆయన చాలనేవరకు పిన్ని ఆగింది.

మధ్యాహ్నం సూర్యకుమారి వాళ్లను ఇంటికి పిలిచి పీతల కూర, అన్నం పెట్టింది. ఇంటి ముందు గోనె పట్టా కప్పి ఒక మోటారు సైకిలు ఉంది. భర్తది. ఆయన ఏరు అవతల రొయ్యల చెరువుల దగ్గర కాపలా, పది రోజులకోసారి వస్తాడు. బండి ఇక్కడే ఉంటుంది, ఆవిడ మాత్రం రోజుకు పది కిలోమీటర్లు నడుస్తుంది. నేర్పమని భర్తను అడిగితే సరేనన్నాడట గాని, వచ్చిన రోజంతా నిద్రపోతాడట.

ఇదంతా చెప్పి, ప్లేట్లు తీస్తూ ఆవిడ అంది. “అక్కా, మీకెంత వయసులో వచ్చింది?”

“పదిహేడు.”

“నాకు ముప్ఫై ఎనిమిదండి. ఇప్పుడొస్తుందంటారా?”

పిన్ని చెయ్యి కడుక్కుని వచ్చి పట్టా తీసింది.

ఇంటి వెనక కోసిన చేను గట్టిగా ఎండి ఉంది. సూర్యకుమారి చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుంది. ముందు బండి స్టార్ట్ చేయకుండానే క్లచ్ పట్టడం, వదలడం యాభై సార్లు చేయించింది పిన్ని. తర్వాత మొదటి గేరులో, పక్కన తాను పరుగెడుతూ, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు. బాబాయి మొదట్లో గట్టు మీద కూర్చుని, చూపు చక్రం మీద కాదమ్మా, దూరంగా పెట్టు అని సలహాలిచ్చాడు. కాసేపటికి తానే లేచి రెండో పక్కన నడవసాగాడు. నాలుగు గంటల పంటు వెళ్లిపోయింది. వాళ్లు చూసుకోలేదు. ఆ తర్వాతది పట్టుకునేసరికి సూర్యకుమారి ఎవరి చెయ్యీ లేకుండా చేను ఒక చివరి నుంచి ఇంకో చివరికి నాలుగు సార్లు వెళ్లింది. ఒకసారి పడింది, మోచెయ్యి గీసుకుంది.

అవనిగడ్డ దాకా పిన్నే నడిపింది. బెన్నీ బండి చుట్టూ తిరిగి చూసి, నడిపిందెవరని అడిగాడు. మీ అత్తయ్య అన్నాడు బాబాయి. గొంతులో గొప్ప దాచుకోలేకపోయాడని పిన్ని నవ్వుతూ చెబుతుంది.

చెయ్యి నయమవడానికి మూడు వారాలు పట్టింది. ఈ మధ్యలో సూర్యకుమారి వారానికి రెండుసార్లు ఫోన్ చేసేది. మలుపులో బండి ఎందుకు ఆగిపోతోంది, సైలెన్సర్ తగిలి పిక్క కాలితే ఏం రాయాలి, ఎదురుగా గేదెలొస్తే ఏం చెయ్యాలి. పిన్ని భోజనం వేళ అన్నీ విని, తెలిసినవి చెప్పేది. తెలియనివి బాబాయిని అడిగేది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం, గుడి ఆరాధన అయ్యాక, మళ్లీ వెళ్దామన్నది బాబాయే. బెన్నీ దగ్గర అదే బండి తీసుకున్నారు. ఈసారి పంటు దిగేటప్పుడు ఇద్దరూ రెండు పక్కలా పట్టుకుని దించారు. ఒడ్డున సూర్యకుమారి తన బండి మీద కూర్చుని ఉంది, సంచీ ముందు తగిలించుకుని. చివరి ఊరికి మందులు ఇవ్వాలి, ఎక్కమంది పిన్నిని.

పిన్ని ఎక్కింది. బాబాయి అద్దె బండి మీద వెనకాల వస్తున్నాడు. ఎండ నీళ్ల మీద మెరుస్తోంది. దారంతా పిన్ని ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. వంతెన ఎక్కేటప్పుడు మాత్రం, గేరు తగ్గించమని చెప్పబోయింది. చెప్పేలోపే సూర్యకుమారి కాలు గేరు తగ్గించింది.