ఇంజిన్ లేని కారుకు ఇంజిన్ జబ్బు

షార్జాలో పాత ఎలక్ట్రిక్ కారు కొన్నాక నాకు పెట్రోలు బాధ తప్పింది గానీ పక్క ఫ్లాట్ కరీంనగర్ అన్న బెడద పట్టుకుంది. ఆయన దుబాయ్‌లోని డేరా బజారులో కోడ్ రీడర్ కొన్నాడు. స్టీరింగ్ కింద గుచ్చితే కారు జబ్బేమిటో ఫోన్‌లో చూపించే అగ్గిపెట్టెంత పరికరం అది. ఆ రోజు నుంచి మా పార్కింగ్‌కు ఆయనే డాక్టరు. వచ్చిన వైద్యం ఒక్కటే. తన కారులో ఇంజిన్ బాగాలేదని చెప్పే దీపం వెలిగినప్పుడల్లా ఫోన్‌లో ఆ జబ్బు కోడ్ చెరిపేసి, ఖలాస్ అనేవాడు. దీపం ఆరితే జబ్బు నయమైనట్టే.

నా కారుకూ గుచ్చాడు. ఫోన్ చూసి మొహం వేలాడేశాడు.

"ఇంజిన్ సున్నా చూపిస్తున్నది తమ్మీ. దీని పని ఖతం."

"దీనికి ఇంజినే లేదన్నా."

"నేను చెప్పేది గదే."

ఒక శుక్రవారం సజ్జా దారిలో ఆయన కారే ఆగిపోయింది. ఫోన్ చేస్తే నేను వెళ్లేసరికి బానెట్ లోంచి పొగలు. దీపం మాత్రం వెలగలేదు, పొద్దున్నే కోడ్ చెరిపేశాడట. నా కారులో ఎక్కించుకున్నాను. ఎక్కీ ఎక్కగానే నా మోకాళ్ల కిందికి వంగి ఆ పరికరం గుచ్చాడు. ఇల్లు చేరేదాకా ఫోన్ మీంచి చూపు తిప్పలేదు.

"ఇంకా సున్నానే ఉన్నది తమ్మీ," అన్నాడు దిగుతూ, జాలిగా. "ఎప్పుడు ఆగుతదో ఏమో."