ఎండ వెంట బడి

సముద్రం మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం.

నిరుడు మా ఉద్దానం బడికి ఒక టీచరమ్మ వచ్చింది. పుష్యమాసపు చలికి గదిలో పిల్లల వేళ్లు కొంకర్లు పోతుంటే, "ఎండెక్కడుంటే బడి అక్కడే" అని వాళ్లను బయటికి నడిపించేది. ఎండ జరిగితే తరగతీ జరిగేది.

ఒకరోజు ఎండ జరిగి జరిగి ఒక ముసలమ్మ వాకిట్లో ఆగింది. జీడిగింజలు కొట్టడానికని మనవరాలిని బడి మానిపించిన ముసలమ్మ ఆవిడే.

"ఏటమ్మా, నా వాకిట్లో బడేటి?"

"నానేటి సేసీది మామ్మా? ఎండ ఇటొచ్చింది" అంది టీచరమ్మ.

ఎక్కం దగ్గర పిల్లలు తడబడితే, గడప లోపల గింజలు కొడుతున్న మనవరాలు అందించింది.

"అక్కడ్నుంచి అరుత్తావేటే? ఎల్లి కూకో" అని ముసలమ్మ దాని చేతిలోని గింజలు కొట్టే కర్ర లాక్కుంది.

ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను. ఇందులో ఆ రోజు ఎండ ఒక్కటే నా కల్పన. టీచరమ్మ "ఎండ ఇటొచ్చింది" అన్నప్పుడు, పొగమంచులో ముసలమ్మ మొహమే ఎవరికీ సరిగా కనపడలేదు.