గరుకు రాళ్ల వరుస

మా ఆయన వాకిలి బాగుచేయకుండా ఉండి ఉంటే మాకు కిరాయి పెరిగేది కాదు. కోపంతో అంటున్న మాట కాదిది, ఓనర్ నోటి మాటే.

తాండూరులో మేమున్నవి రెండు గదులు, ముందు వాకిలి, వాకిలికి ఆ కొసన బాత్రూం. మేం దిగినప్పుడు వాకిలంతా మట్టి, వానొస్తే బురద. మా ఆయన రాళ్ల పాలిష్ యూనిట్‌లో మిషన్ మీద పనిచేస్తాడు. అంచు విరిగిన నాపరాళ్లు అక్కడ అగ్గువకే ఇస్తారు. సెలవు దొరికినప్పుడల్లా నాలుగు తెచ్చి, వాకిలంతా తనే పరిచాడు. నీలం రాయి, కాలు జారేంత నునుపు. నడుమ మాత్రం గడప నుంచి బాత్రూం తలుపు దాకా ఒక్క వరుస పాలిష్ పట్టని గరుకు రాయి వేశాడు. అది మా అత్తమ్మ కోసం.

షుగర్‌తో అత్తమ్మకు చూపు పోయింది. మర్పల్లి దిక్కు గొర్రెల వెంట తిరిగిన మనిషి, చెప్పులు తొడగదు. మా ఆయన యూనిట్‌కి, నేను పప్పు మిల్లుకు పోతే పగలంతా ఒక్కతే. గరుకు మీద పాదం పెట్టి నడిచేది. నున్నగా తగిలితే దారి తప్పానని తెలుసుకుని మళ్లీ వరుసలోకి వచ్చేది. "నా కొడుకు నాకు బాట ఏసిండు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేది.

ఓనర్ ఉండేది వికారాబాద్‌లో. మా గదుల మీద మేడ కట్టించి, అది చూసుకోవడానికి వచ్చి, వాకిలి చూసి ఆగిపోయాడు. మా ఆయన పొంగిపోయి ఏ రాయి ఎట్లా కోశాడో దగ్గరుండి చూపించాడు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే! వారం తిరక్కుండా ఫోనొచ్చింది. మూడున్నర వేల కిరాయి వచ్చే నెల నుంచి ఐదు వేలట.

ఊరంతా వెతికాం. మేమివ్వగలిగిన కిరాయికి దొరికేవన్నీ మెట్లెక్కాల్సిన గదులే. చివరికి రెండు కిలోల కందిపప్పు సంచిలో పెట్టుకుని వికారాబాద్ రైలెక్కాను. నోరెక్కువ కదా, బేరానికి నన్నే పంపుతారు.

"సారూ, గా రాళ్లు మేమేసినయే గదా. మా కష్టానికి మాతోనే కిరాయి కట్టిస్తరా?" అన్నాను.

"నేను ఏయమన్ననా అమ్మా? గసొంటి వాకిలున్న ఇంటికి ఐదు వేలు ఎవలైనా ఇస్తరు. కావాల్నంటే తవ్వుకొని పోండ్రి."

సిమెంటులో పట్టిన రాయిని గడ్డపారతో లేపితే ముక్కలే చేతికొస్తాయి. ఆ సంగతి తాండూరులో ఇల్లున్నవాడికి తెలియదా? అరిచాను, బతిమాలాను, ఏడ్చాను కూడా. ఆయన భార్య చాయ్ ఇచ్చి పప్పు లోపలికి తీసుకుపోయింది. చివరికి ఆయనే ఒక దారి చెప్పాడు.

"ఒక పని చెయ్యి. నడుమల గా గరుకు రాళ్లేంది, మచ్చ లెక్క? మేడ మీదికొచ్చేటోళ్లు అడుగుతున్నరు. దానికి గూడ పాలిష్ పట్టియ్యి. వెయ్యి తగ్గిస్త."

"మా అత్తమ్మకు కండ్లు కానరావు సారూ. అది ఆమె నడిచే బాట."

"చెయ్యి పట్టి తీస్కపోతే అయిపాయె. ఎంత దూరముంటది?"

అక్కడే లేచి రావాల్సింది. "సరే" అన్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, రైల్లో వస్తున్నంతసేపూ గెలిచినట్టే అనిపించింది. మర్నాడు మిల్లులో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

"మరి అవ్వకెట్ల?" అని ఒక్క మాటే అడిగాడు మా ఆయన.

"గోడెంబడి తాడు కడదాం. పట్టుకొని పోతది."

ఆదివారం యూనిట్ నుంచి చేతి మిషన్ తెచ్చాడు. ఆ చప్పుడుకు అత్తమ్మ గడపలోకి వచ్చి కూర్చుంది.

"ఏం చేస్తున్నవ్ కొడుకా?"

"వాకిలి సాఫ్ చేస్తున్ననే అవ్వా" అన్నాడు, తల ఎత్తకుండా.

తెల్లారి ఆమె గడప దిగి కాలి వేళ్లతో అటూ ఇటూ తడిమింది. "బాట ఏడ పోయింది బిడ్డా?" అంది. చెయ్యి పట్టుకుని, ఉన్న సంగతి చెప్పేశాను. తిట్టలేదు. నాలుగు తిట్టినా నా మనసు కొంత కుదుటపడేది.

తాడు కట్టాం. మేడ మీద దిగినవాళ్లు మూడో రోజే దాని మీద బట్టలారేశారు. తడి చీరల్లో మొహం చిక్కుకుని అత్తమ్మ కేకలేస్తుంటే పక్కింటామె వచ్చి తీసిందట. పైకెక్కి కొట్లాడాను. "వాకిలి మీ ఒక్కలదేనా?" అన్నారు. ఓనర్ ఫోన్ చేసి, లొల్లి పెట్టుకుంటే ఖాళీ చేయమన్నాడు. తాడు విప్పేశాం.

ఇప్పుడు ఎండాకాలం. పొద్దున నేను మిల్లుకు పోయేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి అత్తమ్మను బాత్రూంకి తీసుకుపోతున్నాను. ఆమె మంచం పక్కన నీళ్లు నింపిపెట్టిన చెంబు, సాయంత్రం వచ్చేసరికి నిండుగానే ఉంటోంది. పెదాలు పగిలిపోయాయి. దాహం వేయలేదా, ఎందుకు తాగలేదు అని అడిగితే "దూప కాలే బిడ్డా" అంటుంది.