పళ్ళ అంటు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, బెంగళూరు మారతహళ్ళి మొత్తం మీద నా అంతటి చమత్కారి ఇంకొకడు లేడని నాకు గట్టి నమ్మకం ఉండేది. ఆ నమ్మకం నాకు తప్ప ఇంకెవరికీ (నా రూమ్మేటుతో సహా) లేదన్నది నేను పట్టించుకోని చిన్న విషయం. ఇప్పుడు నలభై దాటగానే మోకాళ్ళ నొప్పులొచ్చి, నవ్వాలన్నా ముందు కూర్చోవలసిన వయసులో, ఆనాటి చమత్కారాలన్నీ మర్చిపోగలిగాను గానీ ఒక్కటి మాత్రం గొంతులో జిగురులా అతుక్కుని దిగనంటోంది.

మేం అద్దెకున్న మేడ కింది వాటాలో ఇంటి ఓనరమ్మ ఉండేది. మాకు ఓనరక్క. నాలుగు తరాలుగా బెంగళూరులో స్థిరపడ్డ తెలుగువాళ్ళు. మాట తెలుగు, చదువు కన్నడం. తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. వీధిలో పిల్లలంతా కొట్లో అమ్మే రంగు జెల్లీలు తిని, నీలం నాలుకలూ ఆకుపచ్చ నాలుకలూ వేలాడేసుకుని తిరగడం చూసి ఆమె ప్రాణం ఊరుకోలేదు. మామిడిపండు గుజ్జు, ద్రాక్షరసం, కాస్త బెల్లం, గట్టిపడడానికి చైనా గ్రాసు వేసి ఉడికించి, పళ్ళేల్లో పోసి, ఆరాక మందుసీసా మూతతో గుండ్రంగా కోసి, తనే గమ్మీలు చేసింది. పిల్లలకే కాదు, బాలింతలకు ఖర్జూరంతో వేరే రకం. ఆ వాసనకు ఔటర్ రింగ్ రోడ్డు మీద బస్సులు కూడా నెమ్మదించేవి (ట్రాఫిక్ వల్ల అనేవాళ్ళు గిట్టనివాళ్ళు).

అవి చేయడానికి పెరటివైపు గది కావాలని మొగుణ్ణి అడిగింది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆమె తనకంటూ అడిగింది ఆ గదొక్కటే. ఓనరుగారు పేపరు చాటునుంచే, "ఆదివారం పిలిచి చూడు. పదిమంది తల్లులొస్తే గది నీదే" అన్నారు.

వెంటనే అక్క ఒక చార్టు పట్టుకుని మా మేడెక్కింది.

"అప్పా, ఈ పక్కంతా మీ ఆంధ్రావాళ్ళే ఉండారు కదా. తెలుగులో ఒక బోర్డు రాసియ్యి. కింద నా పేరూ రాయి."

"ఏం రాయాలక్కా?"

"తల్లులకు, పిల్లలకు పండ్ల అంటు. ఇంట్లోనే చేసినాము. ఆదివారం పొద్దున పదికి రండి. అంతే."

"అంటా?"

"అదే అప్పా, సాగుతాది కదా, గమ్ము! ఏం చదువుకున్నావో ఏమో!"

కన్నడంలో అంటు అంటే జిగురు. మా కృష్ణా జిల్లాలో అంటు అంటే పక్కవాడికి తగులుకునే రోగం. ఆ సంగతి చెప్పడానికి నోరు తెరిచాను కూడా. ఇంతలో నాలోని చమత్కారి మేలుకున్నాడు. తినేవీ పళ్ళే, నమిలేవీ పళ్ళే కదా! ఆమె "పండ్ల" అంటే నేను కావాలనే "పళ్ళ" అని, ఎర్ర స్కెచ్ పెన్నుతో, అరచేతంత అక్షరాలతో రాశాను: "తల్లులకు, పిల్లలకు పళ్ళ అంటు. ఇంట్లోనే తయారు. ఆదివారం పొద్దున పదికి రండి." కింద ఆమె పేరు. రూమ్మేటుకు చూపించి కడుపుబ్బా నవ్వుకుని, ఆదివారం పెందలాడే లేచి మార్చేద్దామనుకున్నాను.

లేచేసరికి పదకొండు.

పరిగెత్తుకుంటూ కిందికి దిగాను. పోర్టికోలో మూడు పళ్ళేల నిండా గమ్మీలు. వెనకాల పట్టుచీర కట్టి, మల్లెలు పెట్టుకుని అక్క. గేటుకు వేలాడుతున్న నా చార్టు ముందు తల్లులు ఒక్కొక్కరే ఆగడం, చదవడం, పిల్లల ముక్కుకు కొంగు అడ్డం పెట్టి అవతలి ఫుట్‌పాత్ ఎక్కడం. ఒక్కావిడ మాత్రం కూతుర్ని తీసుకుని లోపలికొచ్చింది.

"డాక్టరుగారు ఎప్పుడొస్తారండీ? మా పిల్లకు పన్ను కదులుతోంది."

"డాక్టరెందుకమ్మా? ముందు తిననీ" అని అక్క ఒకటి పిల్ల నోట్లో పెట్టింది. అది గమ్మీ కొరికి బయటికి లాగింది. దానికి అంటుకుని పాలపన్ను కూడా వచ్చేసింది. "అమ్మా, నాకూ అంటుకుంది!" అని ఆ పిల్ల పెట్టిన కేకకు, తల్లి దాన్ని చంకనేసుకుని, నా అంచనాలో, కిలోమీటర్ల అవతలి బ్రూక్‌ఫీల్డ్ దాకా వెనక్కి చూడకుండా పరిగెత్తింది.

ఓనరుగారు పేపరు దించకుండానే "ఒకరు" అన్నారు.

మధ్యాహ్నం దాకా చూసి, అక్క పళ్ళేలు ఎత్తింది. "నా చేతి వంట బాగలేదేమో అప్పా" అంది. చెప్పాలని నోరు తెరిచాను. ఆమె అందులో ఒక గమ్మీ పెట్టింది. అదే సాకుగా నోరు మూసుకున్నాను. ఇరవై ఏళ్ళు మూసుకున్నాను.

మొన్న మా ఆవిడ ఫోనులో చూసి గమ్మీలు చేస్తుంటే, ఆ వాసన నన్ను లాక్కెళ్ళి ఓనరక్క గుమ్మంలో నిలబెట్టింది. జుట్టంతా తెల్లబడింది గానీ గుర్తుపట్టింది. వంటింటి అలమర తలుపు తీసి చూపించింది. లోపలివైపు నా చార్టు! ఎరుపు వెలిసి గులాబీ అయింది.

"నా పేరు తెలుగులో ఉండేది ఇదొక్కటే అప్పా. అందుకే పెట్టుకున్నా. చదువు, వింటాను."

గొంతు సవరించుకుని చదివాను. "తల్లులకు, పిల్లలకు... పళ్ళరసంతో చేసిన కమ్మని మిఠాయిలు..."

చివరిదాకా వింది. "బాగా చదివినావు. మా కోడలిది అనంతపురం. ఆమె ఇంకోలాగ చదివిందిలే" అని, ఒక పళ్ళెం నా ముందుకు జరిపింది. "తినప్పా. అంటుకోదులే."

తిన్నాను. కిటికీలోంచి పెరటి గది కనిపిస్తోంది. నిండా పాత సైకిళ్ళు, తుప్పుపట్టిన డ్రమ్ములు. ఆ చమత్కారి కుర్రాడి తరఫున ఒక్క మాట చెబుదామనుకున్నాను గానీ పళ్ళు అంటుకుపోయి నోరు పెగల్లేదు. అక్క నవ్వుతోంది. నేనూ, మూసిన నోటితోనే, నవ్వాను.