కోట షెల్టర్లో నేను కట్టించిన తాడు

మధ్యాహ్నం రెండుంపావుకు మా లారీ కోట ఊరు దాటి తుఫాను షెల్టర్ ముందు ఆగింది. మోకాలిలోతు నీళ్లు, ఎదురుగాలి. ఎనిమిది మందిమి, ఒక పడవ, ఒక వైర్‌లెస్ సెట్టు, రెండు డబ్బాల క్లోరిన్ బిళ్లలు. ఆర్మీ హవల్దారును నేను. సొంతూరు ఆ దగ్గర్లోని వెంకటాచలమే కాబట్టి ఈ జనం నాకు తెలుసనుకున్నాను. అదే నా పొగరు.

లోపల రెండు ఊళ్ల వాళ్లున్నారు. చేపల వేటకెళ్లే పాళెం వాళ్లు, రొయ్యల గుంటల్లో పనిచేసే కాలనీ వాళ్లు. నాలుగింటికి అన్నం దగ్గర తోపులాట మొదలైంది. ఊరికో వైపుగా హాలు మధ్యన తాడు కట్టించాను. వంటలు వేరు, నీళ్ల డ్రమ్ములు వేరు. గొడవ ఆగింది. రేడియోలో కెప్టెన్ గారు "శభాష్" అన్నారు.

నీళ్లు శుభ్రమవడానికి డ్రమ్ముల్లో క్లోరిన్ బిళ్లలు వేశాం. పాళెం వైపు ఒకావిడ తాగింది, పొద్దుగూకేలోపు అటువైపు అందరూ తాగారు. కాలనీ వైపు మార్త అనే ఆవిడ తన తల్లి ఎస్తేరమ్మకు గ్లాసు అందించబోయి, వాసన చూసి కింద పెట్టేసింది.

"ఇది బ్లీచింగ్ గదన్నా! గుంటలో ఇదేస్తే చేపలన్నీ చచ్చి తేల్తాయి. మేం తాగేదా దీన్ని?"

ఆ మాట కాలనీ వైపంతా పాకింది. వరదలో మునిగిన చేతిపంపు నుంచి వాళ్లు నీళ్లు తెచ్చుకున్నారు.

మర్నాడు ఉదయం ఆరుకు కాలనీ వైపే వాంతులు, విరేచనాలు. ఎస్తేరమ్మకు అందరికన్నా ఎక్కువ. వైర్‌లెస్ సెట్టు అందుకున్నాను.

"కంట్రోల్, రోగుల్ని తరలించాలి."

"గాలి తగ్గేదాకా పడవ దించొద్దు."

మా నర్సింగ్ అసిస్టెంట్ సెలైన్ ఎక్కిస్తూ అన్నాడు: "తాడు తీసేద్దాం సార్. మన మాట వినరు. పక్కమనిషి తాగడం చూస్తే తాగుతారు."

"మళ్లీ కొట్టుకుంటే?"

"కొట్టుకోనివ్వండి."

వినలేదు. ఆ హాల్లో కాలు కాలిన పిల్లిలా ఏడు గంటలు తిరిగాను. ఒంటిగంటకు నా చేత్తోనే తాడు కోసేశాను.

పాళెం వైపు నుంచి పోలమ్మ అనే ఆవిడ తమ డ్రమ్ము నీళ్లు చెంబులో తెచ్చుకుని వచ్చి మార్త పక్కన కూర్చుంది. "నిన్నట్నుంచి తాగతా ఉండాం మా. చచ్చిపోయినామా?" అని గటగటా తాగింది. ఎవరో నవ్వారు. ఇద్దరు తాగారు, తర్వాత పదిమంది. మూడింటికల్లా కాలనీ డ్రమ్ము ఖాళీ. ఎవరూ కొట్టుకోలేదు.

ఎస్తేరమ్మ నాలుగున్నరకు పోయింది. నర్సింగ్ అసిస్టెంట్ ఆమె చేతికున్న సెలైన్ సూది తీసేసి పక్క రోగి దగ్గరికి వెళ్లాడు. నన్ను తిట్టినా బాగుండేది.

తొమ్మిదో రోజు యూనిట్‌కు తిరిగొచ్చాం. ఇప్పుడు రిటైరై సొంతూళ్లోనే ఉంటున్నాను. తుఫాను డ్యూటీ గురించి అడిగితే పడవ సంగతులు చెప్తాను, మధ్యలోనే లేచి వెళ్లిపోతాను. కుదురుగా కూర్చోవడం నావల్ల కాదు.

ఆ సాయంత్రం తల్లిని చాపలో చుట్టాక, మార్త మేం మళ్లీ నింపిన డ్రమ్ము దగ్గరికి వెళ్లింది. గ్లాసు నింపుకుని తాగింది. మళ్లీ నింపుకుని తాగింది. గుక్క తిప్పుకోకుండా, నా వైపే చూస్తూ.